అమ్మ వీపు మీద నడక

నిన్న నడుంనొప్పికి ఫిజియోథెరపీకి వెళ్తే, బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, "ఊపిరి వదలండి మేడమ్" అంది అక్కడ పనిచేసే అమ్మాయి. అంతే, రాజోలు దగ్గర మా పెంకుటింటి అరుగు గుర్తొచ్చింది.

ఊడ్పుల రోజుల్లో మీ అమ్మలూ వీపు తొక్కించుకునేవారు కదూ? పొద్దస్తమానం వంగి నాట్లేసి వచ్చిన మా అమ్మ, కాళ్ల బురద కడుక్కుని తుంగచాప మీద బోర్లా పడుకునేది. ఇంట్లో అందరికన్నా తేలికైనదాన్ని నేనే. కిటికీ ఊచలు పట్టుకుని వీపెక్కేదాన్ని.

"మెల్లగా నడువమ్మా. నువ్వు అడుగేసినప్పుడల్లా నేను ఊపిరి వదుల్తాను" అనేది. నేను కావాలనే "ఏదైనా మాట్లాడమ్మా" అనేదాన్ని. నా అడుగుల కింద ఆవిడ మాట వణుకుతూ వచ్చేది. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం.

ఓ ఏడాది ఎక్కబోతుంటే, "ఇంక వద్దులేవే, బరువెక్కిపోయేవు" అంది. ఇంట్లో నాకున్న ఒక్క పనీ పోయిందని ఏడ్చేశాను. అమ్మ పక్కకు జరిగి, నన్ను చాప మీద పడుకోబెట్టి, గరుకు చేతులు వీపుకు ఆన్చి, "ఇప్పుడు నువ్వొదులు ఊపిరి" అంది.

"నొప్పిగా ఉందా అండీ?" అని అడిగింది నిన్న ఆ అమ్మాయి.

"లేదమ్మా" అన్నాను. ఆమె చేతుల కింద నా మాట వణుకుతూ వచ్చింది, అచ్చం అమ్మ గొంతులాగే.