చోడవరానికి మోసుకెళ్లిన గ్లూవాన్ గ్రాఫ్

ప్రోటాన్ లోపల క్వార్కులను విడిపోకుండా పట్టి ఉంచే కణాలు గ్లూవాన్లు. గ్లూవాన్ ఒక చోటి నుంచి మరో చోటికి ఎంత బలంగా చేరుతుందో చెప్పే లెక్క పేరు ప్రాపగేటర్. మొమెంటం, అంటే ద్రవ్యవేగం, బాగా తగ్గినప్పుడు అది సున్నాకి దిగిపోతుందని, చోడవరంలో ఉండే మా డిగ్రీ ఫిజిక్స్ మాస్టారు సన్యాసినాయుడు గారు ఒకప్పుడు లెక్క కట్టి పేపరు రాశారు. నా పీహెచ్‌డీ కోసం, కొంత ఖాళీ స్థలాన్ని ఒక బాక్సుగా తీసుకుని అదే లెక్క కంప్యూటర్ మీద చేస్తే దిగలేదు. ఒక విలువ దగ్గర ఆగి చదునుగా ఉండిపోయింది. థీసిస్ ఇచ్చేలోపు ఆ మాట నేనే ఆయనకు చెప్పాలి. షుగరు వల్ల ఆయనకు చూపు పోయింది కాబట్టి, అట్ట మీద గ్రాఫ్ గీసి, ఆ గీత వెంబడి జనపనార దారం అతికించి బయల్దేరాను. భయంగానే ఉంది. నన్ను ఈ దారిలో పెట్టింది ఆయనే.

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో ఉదయం ఏడున్నరకి బస్సెక్కితే పెందుర్తి, సబ్బవరం మీదుగా సుమారు రెండు గంటల ప్రయాణం. టికెట్ వంద లోపే. ఆడవాళ్లకి ఆధార్ చూపిస్తే ఉచితం. కండక్టర్ నా అట్టను చూసి, "ఏటమ్మా అది, పెళ్లి ఫొటోయా? పైనెట్టీ" అన్నాడు.

"ఫిజిక్స్ గ్రాఫండి. దారం ఊడిపోద్ది."

"అలగైతే ఒళ్లోనే ఉంచుకో. రేపు పరీక్ష పోతే నా మీదెట్టగలవు."

సబ్బవరం దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనకే నడిచి బస్సు కాస్త ఆలస్యమైంది. చోడవరంలో దిగి, వడ్డాది రోడ్డులో ఉన్న మాస్టారింటికి ఇరవై రూపాయలిచ్చి షేర్ ఆటోలో వెళ్లాను.

మాస్టారి భార్య ఇద్దరికీ చోడి (రాగి) అంబలి ఇచ్చారు. ఆయన తాగి, ప్రాపగేటర్ గీత అని చెప్పి నేనిచ్చిన అట్టను ఒళ్లో పెట్టుకుని, కుడి నుంచి ఎడమకి, అంటే మొమెంటం తగ్గే వైపు, వేలు నడిపారు. గీత పైకెక్కి చదునైంది. వేలు అక్కడి నుంచి కిందికి వెతికింది.

"బస్సులో దారం ఊడిపోయిందేటే గుంటా?"

అవునంటే ఆ పూటకి గడిచిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"లేదండి. అలాగే అతికించేను."

"సిన్న బాక్సులో సేసుంటావు. పెద్దది సేస్తే దిగుద్ది."

"రెట్టింపు సైజులో కూడా చేసేను మాస్టారూ. అక్కడే ఉంది."

ఆయన మళ్లీ మొదటి నుంచి తడిమారు. చదునైన చోట వేలు ఆపారు. నాకు ఏడుపొచ్చింది.

"మరి థీసిస్‌లో నా లెక్క గురించి ఏటి రాసేవు?"

"సున్నాకి దిగుతుందని గతంలో కొంతమంది అనుకున్నారని రాసేను."

"కొంతమందేటే? ఏళ్ల తరబడి కూకుని ఆ లెక్క సేసినోణ్ణి నేనొక్కణ్ణి. సన్యాసినాయుడు ఇలగనుకున్నాడు, తప్పయింది అని రాయి."

తిరుగు బస్సులో ఫోన్లోనే ఆ వాక్యం తెరిచాను. ఆయన పేరు వెంటనే కొట్టగలిగాను. పక్కన తప్పు అనే మాట కొట్టడానికి సబ్బవరం దాకా పట్టింది. ఆయన పరువు కాపాడుతున్నానని నేననుకున్నాను. ఆయనకి కావలసింది, ఈ ప్రశ్న కోసం తానూ కష్టపడ్డానని పదిమందికీ తెలియడం. ఇలాంటి కబురు మోసుకెళ్లేవారికి ఒకటే సలహా: ఫోన్లో చెప్పకండి, పొద్దున్న బస్సే ఎక్కండి. సాయంత్రం దాకా తిరుగు బస్సులుంటాయి, భోజనానికి ఉండమంటే ఉండండి.