కోతమిషను కోసిన 'ఆయ్'

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, దాంతోపాటు వచ్చిన పొగరు ఇంకా కొత్త. ఉద్యోగం కొన్నాళ్ళకే మానేశాను కానీ పొగరు మానడానికి చాలా కాలం పట్టింది. కొత్తపేటలో పెళ్ళికార్డులూ స్టిక్కర్లూ వేసే ఒక షాపులో కంప్యూటర్ ముందు కూర్చోవడం నా పని. డిగ్రీ చదివి కార్డుల షాపులో ఏం చేస్తున్నావని చుట్టాలు అడిగితే "డిజైనింగ్" అని గంభీరంగా చెప్పేదాన్ని. (ఆ మాటకి అర్థం వాళ్ళకీ తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. అందుకే మా మధ్య ఎప్పుడూ పేచీ రాలేదు.) అలాంటి షాపులోకి ఒక వానాకాలంలో కాగితాలు కత్తిరించే ఎలక్ట్రానిక్ మిషను వచ్చింది. హార్మోనియం పెట్టె అంత ఉంటుంది. కంప్యూటర్లో బొమ్మ గీసి మీట నొక్కితే, సూదిమొన అంత కత్తి అటూ ఇటూ పరిగెత్తి, జిగురు పలక మీద అంటించిన రంగు కాగితాన్ని అచ్చం ఆ బొమ్మలాగే కోసి ఇస్తుంది. శ్రావణమాసంలో కలశాలు, దీపావళికి ప్రమిదలు, డిసెంబర్లో నక్షత్రాలు, ఏ కాలానికి ఆ అలంకారం దానిలోంచే వచ్చేది. దాన్ని నడపడం నాకు తప్ప షాపులో ఇంకెవరికీ రాదు కాబట్టి, దాన్ని కనిపెట్టింది కూడా నేనే అన్నట్టు తిరిగేదాన్ని.

మా షాపు యజమానిని అందరం బాబాయిగారు అనేవాళ్ళం. ఆయన దానికి కోతమిషను అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే చిక్కొచ్చింది. "మా షాపుకి కోతమిషను వచ్చింది" అని ఇంట్లో గొప్పగా చెప్తే, మా నాన్నగారు పేపరు మడిచి, "ఇప్పుడు కోతలేవిటమ్మా, చేలింకా పొట్టకైనా రాలేదు" అన్నారు. మర్నాడు పొద్దున్నే మా కౌలురైతు వచ్చి, కోతల రోజుల్లో మిషను ముందు తన చేలోకే దింపించాలని నన్ను బతిమాలుకున్నాడు. అది వరికోత మిషను కాదనీ, కాగితాలు మాత్రమే కోస్తుందనీ నేను వివరంగా చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి జాలిగా చూసి, అలాగేనండి అని వెళ్ళిపోయాడు. చదువుకున్న పిల్లకి ఏదో అయిందని ఊళ్ళో అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అమ్మకి ఒక అన్నయ్య, మా పెద్దమావయ్యగారు. మా వీధి చివరి ఇల్లు ఆయనది. వాళ్ళకి పిల్లలు లేరు, అందుకని వీధిలో పిల్లలందరం వాళ్ళ అరుగు మీదే పెరిగాం. వినాయకచవితి మా ఇళ్ళల్లో కాదు, ఆ అరుగు మీదే జరిగేది. మా అత్తయ్యగారు వారం ముందునుంచే రంగు కాగితాలు మడతలు పెట్టి, గీత కూడా గియ్యకుండా కత్తెరతో కత్తిరించేది. మడత విప్పితే ఏనుగుల వరస వచ్చేది, ఇంకో మడత విప్పితే మామిడాకుల తోరణం. అవన్నీ పాలవెల్లికి, అంటే స్వామి నెత్తిమీద వేలాడదీసే కర్రల చట్రానికి, మొక్కజొన్న పొత్తులతోటీ వెలక్కాయలతోటీ కలిపి కట్టేది. మావయ్య వ్రతకథ చదివేవారు. ఆయన గొంతు వీధి మొదటి వరకూ వినపడేది.

అలాంటి అత్తయ్య ముందేడు వానల్లో జ్వరమొచ్చి వారం తిరక్కుండానే పోయింది. ఆ ఏడు పండగలు లేవు. ఏడాది తిరిగి సంవత్సరీకం అయ్యాక కూడా మావయ్య వాలుకుర్చీ లోంచి లేవలేదు. మాట్లాడ్డం దాదాపు మానేశారు. పిలిస్తే చూసేవారు, అడిగితే తలూపేవారు, అంతే. కొబ్బరికాయలు దింపడానికి మనుషులొస్తే వాళ్ళే దింపుకుని, వాళ్ళే లెక్క చెప్పుకుని వెళ్ళేవారు. చవితి దగ్గర పడుతుంటే మా అమ్మ వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నాతో ఒక్కటే మాట అంది. "మా అన్నయ్య ఈ పండక్కి లేవకపోతే ఇంకెప్పటికీ లేవడే." ఆ మాటతో నాకూ భయం వేసింది. భయం వేసినా పొగరు ఎక్కడికి పోతుంది, అలంకారం సంగతి నేను చూసుకుంటాను, అత్తయ్య కత్తిరించినవాటికి నాలుగింతలు మిషను మీద కోసి తెస్తానని చెప్పేశాను.

ఆ సాయంత్రమే మావయ్య దగ్గరికి వెళ్ళి, ఈసారి స్వామి పైన బంగారు కాగితంతో పెద్ద అక్షరాలు పెడదామండి, ఏం పెట్టమంటారో చెప్పండి అని అడిగాను. వద్దంటారేమో అనుకున్నాను. చివరికి, ఎదురుగా ఎవరూ లేనట్టు, "అందరినీ చల్లగా చూడు స్వామీ అని పెట్టమ్మా" అన్నారు. నాకు తెలుగు టైపు చెయ్యడం రాదు (డిజైనర్ని కదా), అందుకని ఫోనులో మైకు బొమ్మ నొక్కి, నోటి దగ్గర పెట్టుకుని ఆ మాటలు చెప్పాను. ఫోను దానంతటదే రాసుకుంటుంది. మావయ్య నన్ను చూసి, అయిందా అమ్మా అని అడిగారు. నేను తలూపి, మర్యాదగా "ఆయ్" అన్నాను. మా వైపు పెద్దవాళ్ళు ఏది చెప్పినా అడిగినా ముందు నోట్లోంచి వచ్చే మాట అదే, ఎవరూ నేర్పక్కర్లేదు. మావయ్య గొంతు అప్పటికి ఎంత చిన్నదైపోయిందంటే ఆయన అడిగింది ఫోనుకి వినపడలేదు. నా ఆయ్ మాత్రం శుభ్రంగా వినపడింది.

అది తీసుకెళ్ళి షాపులో కంప్యూటర్లోకి ఎక్కించాను. మొదటి మాట సరిగ్గా ఉందో లేదో చూసి మీట నొక్కాను. మిషనుకి ఒకటే గుణం, ఇచ్చింది ఇచ్చినట్టు కోస్తుంది, ఇదేవిటని అడగదు. అక్షరానికో కాగితం చొప్పున బంగారు అక్షరాలు కోసుకొచ్చి, దానితోపాటు స్వామి బొమ్మ కూడా కోసి తెచ్చాను. స్వామి తొండం కుడివైపుకి తిరిగి ఉంది. కుడితొండం స్వామికి నియమాలు ఎక్కువ, మన వల్ల కాదు, తిప్పి పెట్టమంది అమ్మ. తిప్పితే వెనకవైపు తెల్ల కాగితం. స్వామి ఆ ఏడు తెల్లగానే ఉన్నారు. అక్షరాల దగ్గర ఇంకో తంటా. మన తెలుగులో అక్షరం ఒక ముక్కైతే దాని కిందది ఇంకో ముక్క. ముందురోజు రాత్రి మావయ్యగారింట్లో సంచీలోంచి తీసేసరికి 'చల్లగా' కాస్తా 'చలగా' అయింది. "అమ్మా, వత్తులు కనపడ్డం లేదు" అని అరిచాను. అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి పత్తివత్తుల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎందుకే ఇప్పుడు, దీపం రేపు కదా అంది. ఆ ఇంట్లో చాలా కాలానికి ఇద్దరం నవ్వాం. నవ్వి, లోపల మావయ్య ఉన్నారని గుర్తొచ్చి ఆపేశాం.

పండగ రోజు పొద్దున్న నేను పాలవెల్లి కడుతుంటే, అమ్మా, పండక్కని వచ్చిన మా పిన్నీ కలిసి అక్షరాలు వరసగా దారానికి గుచ్చి స్వామి వెనక గోడకి కట్టారు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. ఇద్దరూ ఒకటికి రెండుసార్లు చదివి బావుందనుకున్నారు. ఉండ్రాళ్ళు పొయ్యి మీంచి దించి, పత్రి సర్ది, వీధిలో వాళ్ళందరూ అక్షింతలు పట్టుకుని కూర్చున్నాక నేను తీరిగ్గా తలెత్తి చూశాను. 'అందరినీ చల్లగా చూడు స్వామీ ఆయ్' అని ఉంది. ఇదేవిటమ్మా అని అడిగితే, ఏవుంది, బానే ఉంది కదే అంది మా అమ్మ. ఆవిడకి నిజంగానే అందులో తప్పు కనపడలేదు. వినేవాడు ఆయ్ అనకపోతే మాట పూర్తయినట్టు ఎలా తెలుస్తుంది? మా పక్కింటాయన కూడా, కోరిక మనం అడిగేం, స్వామి ఆయ్ అన్నారు, ఇంకేం కావాలి అని నవ్వాడు. అందరూ నవ్వుతున్నారు. ఏడాదిగా దుఃఖంలో ఉన్న ఇల్లు, లోపల మావయ్య స్నానం చేసి బట్టలు కట్టుకుంటున్నారు, ఇక్కడేమో నా వల్ల నవ్వులాట అయింది. ఇది చూసి ఆయన వెనక్కి తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చుంటే ఇక ఎవరు లేపగలరు? గబగబా స్టూలెక్కి ఆ రెండక్షరాలూ పీకబోయాను.

అప్పుడే మావయ్య గుమ్మంలోకి వచ్చారు. అందరం నోళ్ళు మూశాం. ఆయన నన్ను చూశారు, నా చెయ్యి ఎక్కడుందో చూశారు, గోడ మీది అక్షరాలు మొదట్నించీ చివరిదాకా చదివారు. ఆ చదవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నేను స్టూలు మీదే నిలబడి, ఫోనుకి వినపడిందండి, నేనన్నదేనండి, పొరపాటండి, తీసేస్తున్నానండి అని నసిగాను.

"తియ్యకమ్మా" అన్నారు మావయ్య. తర్వాత అందరికీ వినపడేలా అన్నారు, "ఈ గుమ్మంలో ఆ మాట విని ఏడాది దాటింది. నేనేవన్నా సరే, మీ అత్తయ్య ముందు ఆయ్ అనేది. అనేసి, తను చెయ్యాలనుకున్నదే చేసేది."

ఎవరో ఫక్కున నవ్వారు, అది మావయ్యే. నవ్వుతూనే కండువాతో మొహం కప్పుకున్నారు. మా అమ్మ ఆయన పక్కకి వెళ్ళి నిలబడింది. కాసేపటికి ఆయనే సర్దుకుని పీట మీద కూర్చుని, పుస్తకం తెమ్మన్నారు. కథ మొదలుపెట్టినప్పుడు గొంతు జీరగా ఉంది. ఒక్కో పేజీ తిరుగుతున్నకొద్దీ తేటపడింది. శమంతకమణి దగ్గరికి వచ్చేసరికి పాత గొంతు కాదు కానీ, వీధి మొదటిదాకా కాకపోయినా సగం దూరం వినపడేంత అయింది. ఒకచోట చదవడం ఆపి, అలవాటుగా తలెత్తి తన ఎడంపక్క ఖాళీగా ఉన్న చోటు వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. మేమందరం ఆ చోటునే చూశాం. అప్పుడు మా అమ్మ, చిన్నప్పుడు ఎలా కూర్చునేదో అలా వాళ్ళన్నయ్య పక్కకి జరిగి, చిన్నగా "ఆయ్" అంది. మావయ్య తల వంచుకుని తర్వాతి మాట చదివారు.

ఇప్పుడు నాకు సొంత షాపుంది, అప్పటికంటే మంచి మిషనుంది. మీట నొక్కే ముందు ఒకటికి మూడుసార్లు చదువుతాను, తప్పులు రావు. మావయ్య ఆ తర్వాత ఇంకో నాలుగు చవితులు ఆ పీట మీద కూర్చుని కథ చదివారు. ఇప్పటికీ ఆ అమ్మాయి అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. కొత్త పరికిణీ వేసుకుని, చెమటలు పట్టి, సిగ్గుతో చచ్చిపోతూ, తన తప్పు తను దిద్దేసుకుందామని స్టూలెక్కి చెయ్యి చాచిన పిల్ల. ఎంత తొందరో దానికి. ఒక్క నిమిషం ముందే చెయ్యి అందుంటే ఏమయ్యేదో దానికి తెలియదు. స్టూలు కొంచెం పొట్టిది కాబట్టి సరిపోయింది.