కమలాదేవి చెప్పిన దొరసానుల కథలు

కమలాదేవికి ఇంగ్లీషు రాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. తరవాత చెబితే అక్కసుకొద్దీ అంటున్నానంటారు. అక్కసు లేదని కాదు, బోలెడుంది. అయినా ఇది నిజం.

ఆవిడది తెనాలి దగ్గర చిన్న పల్లె. ఎస్సెల్సీతో చదువు మాన్పించి పెళ్ళి చేశారు. భర్త శ్రీరామమూర్తిగారు సివిల్ ఇంజనీరు. చమురు ధర ఆకాశానికెక్కి, దోహాలో ఏ వీధి చూసినా తవ్విపోసిన మట్టీ క్రేన్లూ కనిపిస్తున్న రోజుల్లో, డెబ్భై ఆరులో, వాళ్ళు వచ్చారు. మేము అంతకు ముందే వచ్చాం. మా ఆయన అదే కంపెనీలో అకౌంటెంటు. పక్కపక్క ఇళ్ళు. ఇంజనీర్లకి మూడు గదుల ఇల్లిచ్చేవారు, అకౌంటెంట్లకి రెండు గదులది. ఆ మూడో గది చూసినరోజే నా కడుపులో మొదటి నిప్పు పడింది.

నేను వాల్తేరులో ఇంగ్లీషు ఎమ్మే చదివాను. క్లాసులో రెండోదాన్ని. ఆ మొదట వచ్చినామె మీద కూడా నాకు కోపమే, కానీ అది ఇక్కడ అనవసరం.

శుక్రవారం అందరికీ సెలవు. భోజనాలయ్యాక తెలుగు కుటుంబాలన్నీ ఒకచోట చేరేవి. మగవాళ్ళు ముందుగదిలో పేకాట, ఆడవాళ్ళం లోపల. మొదట్లో అందరూ మా ఇంటికే వచ్చేవారు. సెలవుకి వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చిన వారపత్రికల్లోంచి సీరియళ్ళు పైకి చదివి వినిపించేదాన్ని. ఒక్క అక్షరం పొల్లుపోనిచ్చేదాన్ని కాదు. మధ్యలో ఎవరైనా గుసగుసలాడితే చదవడం ఆపి, వాళ్ళు సిగ్గుపడేదాకా చూసి, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. వారమంతా ఎండలో, నాలుగు గోడల మధ్య పడుండే నాకు ఆ రెండు గంటలే ప్రాణం. ఆ రెండు గంటల్లో నేను అకౌంటెంటుగారి భార్యని కాదు.

కమలాదేవి ఇంటికి అవతలిపక్క ఒక తెల్లావిడ ఉండేది. ఇంగ్లండు వెళ్ళిపోతూ ఒక పెట్టెడు పుస్తకాలు కమలాదేవికి ఇచ్చిపోయింది. నాకివ్వాల్సినవి. ఏం చేస్తాం, ఆవిడకి ఆవకాయ రుచి చూపించింది కమలాదేవి కదా! అన్నీ ఒకే ఇంగ్లీషు రచయిత రాసిన నవలలు. పెద్దింటివాళ్ళని వెటకారం చేయడమే ఆయన పని. విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేలక ఆకలితో నకనకలాడే దొరలు, కోట కప్పు కారుతుంటే గొడుగు కింద భోంచేసే దొరసానులు, యజమానిని మించిన టెక్కుతో తిరిగే నౌకర్లు.

ఆ వారమే కమలాదేవి తన మూడో గదిలో కుర్చీ వేసుకుని, ఒక నవల తెరిచి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యమధ్య పేజీ కూడా తిప్పేది. మన ఆడవాళ్ళకి వ్రతకథలు వినే అలవాటు. పుస్తకం చేతిలో పట్టుకుని చెబితే, చెప్పిందంతా అందులో ఉన్నట్టే. సత్యనారాయణ కథ చదివే పంతులుగారిని 'ఏదీ, ఆ పేజీ చూపించండి' అని ఎవరడుగుతారు? మూడు వారాలు తిరిగేసరికి మా ఇంటికి వచ్చేవాళ్ళు లేరు. వెళ్ళకపోతే కుళ్ళుకుంటున్నాననుకుంటారని నేనూ వెళ్ళాను. వెళ్ళి అక్కడ కూర్చుని కుళ్ళుకున్నాను.

సోఫాల డచెస్ కథ చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. ఆ డచెస్ ఖరీదైన సోఫాలు కొని, వాటి ప్లాస్టిక్ కవర్లు తీయదు. వచ్చిన దొరలందరూ చెమటకి అతుక్కుపోతారు. లేవబోతే పైకి చప్పుడొస్తుంది గానీ మనిషి రాడు. గదంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది గంగాబాయి. ఆమె భర్త హన్మాండ్లు నిజామాబాదు వైపు నుంచి మేస్త్రీగా వచ్చి, ఫోర్‌మన్ అయి, సంసారాన్ని తెచ్చుకున్నాడు. వాళ్ళ ఇల్లు దోహా పక్కనున్న వక్రా ఊళ్ళో.

"అవ్వో! గిట్ల గూడ ఉంటరా మనుషులు!" అని పొట్ట పట్టుకుని దొర్లింది గంగాబాయి.

అప్పుడు కమలాదేవి గొంతు తగ్గించి, ఆ డచెస్ చిన్నప్పుడు నేలమీద కూర్చుని పెరిగిందనీ, కవరు తీస్తే ఎవరో వచ్చి 'ఇది నీది కాదు' అని పట్టుకుపోతారని ఆమె భయమనీ చెప్పింది. గంగాబాయి కొంగుతో కళ్ళొత్తుకుంది. నా ఒళ్ళు భగ్గుమంది. నా సీరియళ్ళకి ఒక్కరంటే ఒక్కరు ఏడ్చి చావలేదు.

ఆ నవల అడిగి తెచ్చుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా చదివాను. సోఫా మీద ప్లాస్టిక్ కవరు ఎక్కడా లేదు. ఉండదు కూడా. ఆ కథ జరిగేనాటికి ప్లాస్టిక్కే ఇళ్ళల్లోకి రాలేదు! ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. దొంగ చిక్కింది, నా శుక్రవారం నాకు తిరిగొస్తుంది అనుకున్నాను.

మగవాళ్ళు డ్యూటీకి వెళ్ళాక పుస్తకం తీసుకుని వెళ్ళాను. కమలాదేవి పప్పుకి తాలింపు వేస్తోంది.

"వదినగారూ, ఇందులో సోఫా ఎక్కడుందండీ?" అన్నాను తియ్యగా.

గరిటె ఆగింది. స్టవ్ ఆపేసి నావైపు తిరిగింది.

"మొదటి శుక్రవారం నిజంగా చదువుదామనే కూర్చున్నానండీ. మూడో వాక్యానికే గుడ్లు తేలేశాను. ఎదురుగా అంతమంది. లేచిపోతే పరువు పోతుంది. రోజూ పొద్దున మా ఇంట్లో కాఫీ తాగుతూ మీరు చెప్పే మాటలు గుర్తొచ్చాయి. వాటికే దొరసానుల పేర్లు పెట్టి చెప్పేశాను."

"నేను చెప్పినవా?"

"గంగాబాయి ఇంట్లో ప్లాస్టిక్ కవరు తీయని సోఫా మీంచి లేస్తే చప్పుడొస్తుంది గానీ మనిషి రాదు అన్నది మీరే కదండీ? అన్నీ మీవే వదినగారూ. మనుషుల్ని అలా చూడ్డం నాకెక్కడొస్తుంది? ఎవరికీ చెప్పకండి, మీకు పుణ్యముంటుంది."

నా చేలో పంట ఇంతకాలం ఆవిడ గాదెకి చేరుతోందన్నమాట. ఆ నవ్వులన్నీ నాకు రావలసినవి! నేల మీద కూర్చుని పెరిగిన ముక్క ఒక్కటే నాది కాదు. అది ఉప్పు చాలని కూరలో ఆవిడ వేసిన చిటికెడు. కూర నాది.

"చెప్పను. కానీ వచ్చే శుక్రవారం నుంచి నేను చెబుతాను" అన్నాను.

"అంతకంటేనా! నా ప్రాణం హాయిగా ఉంటుంది" అంది. ఏడుస్తుందనుకుంటే తేలికపడింది. దానికి ఇంకా మండింది నాకు.

శుక్రవారం ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కమలాదేవి నా పక్కన మంచినీళ్ళు పెట్టి, వెళ్ళి అందరితోపాటు చాప మీద కూర్చుంది. కొత్త దొరసానిని సిద్ధం చేసుకొచ్చాను. ఆమె ఫ్రిజ్జు కొని వంటింట్లో పెట్టదు. వచ్చినవాళ్ళ కళ్ళు చెదరాలని ముందుగదిలో పెడుతుంది. గడప దాటేలోపే తలుపు తెరిచి లోపలి దీపం చూపిస్తుంది. ఉన్నది మాత్రం రెండు సీసాల నీళ్ళు. పేర్లు కమలాదేవిలా నోటికొచ్చినట్టు కాదు, అసలుసిసలు ఇంగ్లీషు ఉచ్చారణతో పలికాను.

ఎవరూ నవ్వలేదు. వినబడలేదేమోనని గొంతు పెంచాను. ఒకామె గాజులు సర్దుకుంది. ఎవరైనా నవ్వుతారేమోనని చూస్తుంటే నా చూపు పోయి పోయి గంగాబాయి మీద ఆగింది.

"గిది మా ఇంటి ముచ్చటే గద, వసుంధరమ్మా?" అంది గంగాబాయి.

"అయ్యో, పుస్తకంలో ఉందండీ" అని పేజీ మీద వేలు పెట్టాను.

"ఉంటే ఉండనీ. మా వంటింట్ల ప్లగ్గు లేదమ్మా. కంపెనోళ్ళకు చెప్పి చెప్పి యాష్టకొచ్చింది. గందుకే ముంగటి అర్రల పెట్టుకున్నం." కోపం కూడా లేదు ఆ గొంతులో. చీర కుచ్చెళ్ళు దులుపుకుని లేచింది. "పోయొస్త."

కమలాదేవి గబగబా ఆమె వెనకాలే వెళ్ళింది. వాళ్ళ వెనక ఇంకొకరు, తరవాత మిగిలినవాళ్ళు. కుర్చీలో నేనున్నాను, చేతిలో పుస్తకం ఉంది. ఎదురుగా చాప ఖాళీ.

వరండాలో కమలాదేవి ఏదో అంది. చిన్న మాటే, నాకు వినబడలేదు. ఒక్క క్షణం ఆగి గంగాబాయి నవ్వింది. ఆ తరవాత అందరూ నవ్వారు. నా గురించే అయ్యుంటుందని అప్పుడనుకున్నాను. కాదేమోనని ఇప్పుడనిపిస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేదు.

శ్రీరామమూర్తిగారు రిటైరై వాళ్ళు తెనాలి వెళ్ళిపోయేదాకా కమలాదేవి ఆ గదిలో కథలు చెబుతూనే ఉంది. నేను పొద్దుటి కాఫీకి వెళ్ళడం మానేసినా చెప్పింది. ఆ రోజు వరండాలో ఏమన్నారని చాలాసార్లు అడిగాను. "ఏమోనండీ, గుర్తులేదు" అనేది ప్రతిసారీ. నేనన్న ప్రతి ముక్కా గుర్తుపెట్టుకున్న మనిషికి, తను అన్న ఒక్క మాట గుర్తులేదట!