చూసి చెప్పే అధికారి

మైదానంలో పెద్ద సభ ఏది జరిగినా ముందుగా ఆయన వచ్చి చూసి, ప్రమాదమేమీ లేదని చెప్పాలి. ఆయన చూసే పద్ధతే వేరు. కారు దిగకుండా అద్దం సగం దించి, వేదిక వైపు ఓసారి, దారుల వైపు ఓసారి గడ్డం ఎగరేస్తాడు. ఈలోగా నిర్వాహకులు వేయించిన జీడిపప్పు అందిస్తారు. నమిలినంతసేపూ తల ఊపుతాడు. ఆ ఊపే అనుమతి. తర్వాత ఉప్పంటిన వేళ్ళను ఒక్కొక్కటిగా నాకి, సీటు కవరుకు తుడుచుకుంటాడు. ఆ రోజు పాటల కచేరీ. టిక్కెట్లు లేనివాళ్ళు దూరకుండా వెనక గేటుకు గొలుసు వేస్తామన్నారు నిర్వాహకులు. "తొక్కిసలాటయితే ఎటు పోతారు సార్?" అన్నాడు గేటు కాపలావాడు. "శుభమా అని పాటలు పెట్టుకుంటే అవేం మాటల్రా! వెయ్యి," అన్నాడాయన నములుతూనే.

సాయంత్రానికి మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. బయట కారులో కునుకు తీస్తున్న ఆయనకు కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, స్నేహితులతో కచేరీకొచ్చా. వెనక గేటు దగ్గర నలిగిపోతున్నాం. ఊపిరాడట్లేదు." ఆయన పొట్ట చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. గొలుసు తీయించి, సందులోంచి కూతురిని బయటికి లాగాడు. ఆమె వెనకే ఎన్నో చేతులు బయటికొచ్చాయి. "నాన్నా, నా స్నేహితులు!" అని అరిచింది. "వీళ్ళనీ వదలనా సార్?" అన్నాడు కాపలావాడు. "వదిలితే మీద పడతార్రా, పిల్లకి దెబ్బలు తగుల్తాయి. ముందు గొలుసు వెయ్యి," అని, కూతురి చెంపలు తుడిచాడు. "ఏడవకమ్మా. లోపలివాళ్ళకేం కాదు. పొద్దున నేనే స్వయంగా చూశాను."