బురదలో పట్టుచీర

మొన్న హైదరాబాదు నుంచి వస్తూ బొంగులూరు దగ్గర బస్సు కిటికీలోంచి చూస్తే, ప్లాట్లు అమ్మే వెంచర్ వాళ్ల బోర్డు మీద మా ఇబ్రహీంపట్నం చెరువు కనబడింది. ఆ నీళ్లు, ఆ కొంగలు, మూలన వంగిన తుమ్మచెట్టు, గుర్తుపట్టకపోవడానికి నేనేమైనా గుడ్డివాణ్నా? ఆ ఫోటో తీసిన రోజు కెమెరాకు ఎండ తగలకుండా గొడుగు పట్టింది నేనే. ఒళ్లు మండిపోయింది.

భూముల ధరలకు రెక్కలొచ్చిన ఆ రోజుల్లో నాకు మెయిన్ రోడ్డు మీద ఫోటో స్టూడియో ఉండేది. కెమెరా బెల్టు తెగి నా దుకాణం మెట్లెక్కిన ఇటలీ ముసలావిడను మా అమ్మ చూడగానే దొరసాని అనేసింది, అది నిజమే అయింది కూడా. వాళ్లది కోటలున్న జమీందారీ కుటుంబమట, తండ్రి తాను వేటాడిన నీటిపక్షులలో గడ్డి కూరి భోజనాల గదిలో నిలబెట్టేవాడట, ఆ గదిలో ముద్ద దిగకనే ఈమె తండ్రి నేర్పిన తుపాకీ పారేసి కెమెరా పట్టిందట. ఆ తర్వాత ఏ దేశంలో చెరువులు పూడుస్తున్నా వెళ్లి ఫోటోలు తీయడం, పుస్తకాలు వేయడం, సర్కార్లతో కొట్లాడడమే ఆమె బతుకైపోయింది. మడుగు ఎండగట్టించిన సొంత తండ్రి మీదే కోర్టుకెక్కిందని నేను చెబితే మా అమ్మ ముక్కున వేలేసుకుని, కాసేపటికి "గట్లనే ఉండాలె ఆడిది" అంది.

మా చెరువుకు నీళ్లు తెచ్చే వాగులో అప్పటికే ప్లాట్ల కోసం మట్టి పోస్తున్నారు. ఆ నీళ్ల మీదే మా రెండెకరాల వరి. మనుషులు లేని చెరువును చూపిస్తే ఆఫీసర్లు ఖాళీ జాగా అనుకుంటారు, మీ అమ్మను బర్రెలతో సహా నిలబెట్టు అంది దొరసాని. మా వైపు ఫోటో అంటే పెళ్లిలో దిగేది. అమ్మ బర్రెలను వదిలేసి ఇంటికి ఉరికి, పెళ్లినాటి పట్టుచీర కట్టి, తలకు నూనె పెట్టుకొచ్చి, మోకాలి లోతు బురదలో బిగుసుకుని నిలబడింది. నేను తల కొట్టుకున్నాను.

"ఆఫీసర్లు చూస్తరంటివి గద బిడ్డా, పాత చీరల ఎట్ల నిలబడాలె?" అంది. దొరసాని నవ్వలేదు, తానూ బురదలో కూలబడి ఫోటో తీసింది.

ఆ ఫోటో పట్టుకుని దొరసానీ నేనూ కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాం. మస్తుగుంది అని తలా ఒక కాపీ ఉంచుకున్నవాళ్లే అందరూ, వాగును ఆదుకున్నవాడు ఒక్కడూ లేడు. వాగు పూడింది, మా వరి ఎండింది, దొరసాని తన దేశం వెళ్లి అక్కడే కన్నుమూసింది, ఆ దిగులుతోనే అమ్మా పోయింది.

ఆ వాగు పూడ్చిన జాగాలోనే ఈ ప్లాట్లు. బోర్డు మీద కొంగలన్నీ ఉన్నాయి, అమ్మ నిలబడ్డ చోట మాత్రం నీళ్లు అతికించి 'చెరువు ఒడ్డున మీ ఇల్లు' అని రాశారు దొంగ సచ్చినోళ్లు. నేనూ నెగటివ్‌ల మీద పెన్సిలు పెట్టి పెళ్లికూతుళ్ల మొటిమలు చెరిపినవాణ్నే, కానీ మా కాలంలో మనిషిని చెరిపే పని ఎవరూ నేర్పలేదు. అమ్మ పట్టుచీర ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఎన్నిసార్లు ఉతికినా అంచున చెరువు బురద మరక పోలేదు, దాన్ని చెరిపే మొనగాడెవడో రమ్మనండి, చూస్తాను.