అమ్మమ్మ అసలు పేరు

పరాయిదేశం వచ్చిన కొత్తలో, అరోరా అనే ఊళ్ళో మనవాళ్ళకి ఏ కబురైనా టెలిఫోన్ కంటే ముందు మా పైవాటా పిన్నిగారే చేరవేసేవారు. "వృద్ధుల హోమ్‌లో ఆడవాళ్ళు కావాలట. అస్తమానం దేవుడి ముందు కూచునే బదులు వెళ్ళరాదుటే!" అని ఆ ఉద్యోగం కబురు తెచ్చిందీ ఆవిడే. (ఆ మాట దేవుడే అనిపించాడని ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.) ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. బడి గడప తొక్కకుండా నాన్నగారి దగ్గర ఇంట్లోనే చదువుకున్నదాన్ని. నా ఇంగ్లీషు పుస్తకంలా ఉండేది గానీ మనిషిలా ఉండేది కాదు.

పక్కలు మార్చడం, స్నానాలు చేయించడం, తినిపించడం తొందరగానే పట్టుబడ్డాయి. పేచీ అంతా పిలుపుతోనే. అక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి పిలవాలి. నాకు నోరు వచ్చేది కాదు. "తాతగారూ", "అమ్మమ్మా" అనేదాన్ని, తెలుగు ముక్క రాకపోయినా వాళ్ళూ పలికేవారు. కిటికీ పక్క మంచం మీద రిటైరైన టీచరమ్మ ఒకరుండేవారు. మిగతావాళ్ళు ముద్దుపేరు పెట్టి బుగ్గ తడితే గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను "అమ్మమ్మా" అంటే మాత్రం కళ్ళద్దాలు సర్దుకుని లేచి కూచునేవారు.

ఇలా ఉండగా మాకు శిక్షణ ఇవ్వడానికి హెడ్డాఫీసు నుంచి ఒకావిడ దిగింది. నవ్వు చెరగని మనిషి, నోట్లో ఎప్పుడూ చూయింగ్ గమ్. వృద్ధుల గౌరవం గురించి పొద్దుటినుంచి భోజనాల దాకా స్లైడ్లు వేసి చెప్పింది. (అంతసేపూ ఆ వృద్ధులు టాయిలెట్‌కి తీసుకెళ్ళే దిక్కులేక బెల్లులు మోగిస్తూనే ఉన్నారు.) తరవాత "చూసి నేర్చుకోండి" అంటూ మమ్మల్ని వెంటేసుకుని అమ్మమ్మ మంచం దగ్గర ఆగింది.

"హాయ్ హనీ! నీ పేరేంటో చెప్తావా, స్వీటీ?"

అమ్మమ్మ ఆవిణ్ణి కిందినుంచి పైకి చూసి, "అమ్మమ్మ" అన్నారు.

"కాదు కదా! అసలు పేరు?"

"అమ్మమ్మ."

ఆవిడ మావైపు తిరిగి, అదే నవ్వుతో, "పాపం, పేరు కూడా మరిచిపోయింది. తాళం వేసే వార్డుకి మార్చెయ్యండి" అంది. ఆ వార్డుకి కిటికీలు లేవు. "అది నేను పిలిచే పిలుపండీ..." అనబోతే, "నీ వంతు వచ్చినప్పుడు చెబుదువుగాని, హనీ" అని ఆపేసింది.

ఇక ఒక్కటే దారి. "స్వామీ, తప్పు కాయి" అని లెంపలు వేసుకున్నాను. (నాకూ ఏదో వచ్చిందనుకుని ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది.) నాన్నగారికి పద్యం అప్పజెప్పే గొంతుతో అమ్మమ్మని ఇంటిపేరుతో సహా పేరు పెట్టి పిలిచాను.

అమ్మమ్మ చెయ్యి నిటారుగా లేచింది. "ప్రెజెంట్!"

ఆపైన ట్రైనర్ వైపు తిరిగి, "నా పేరు నాకు గుర్తుంది. నువ్వు మాత్రం నీ పేరు చెప్పకుండానే నన్ను అడిగావు. ఏదీ చెప్పు, నోట్లో ఆ గమ్ తీసేసి" అన్నారు. ఆవిడ బుద్ధిగా తీసేసింది. అమ్మమ్మ కిటికీ అమ్మమ్మకే మిగిలింది. కొత్తగా చేరే పిల్లలకి పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్పే పని మాత్రం, నా పుస్తకాల ఇంగ్లీషుతో సహా, నా నెత్తిన పడింది.

ఇప్పుడు క్యారీ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న మోకాలి వ్యాయామం చేయించే పిల్ల నన్ను పేరు పెట్టి, చివర ఒక హనీ తగిలించి పిలిచింది. చెయ్యెత్తి "ప్రెజెంట్" అన్నాను. పాపం, కంగారుగా ఏదో రాసుకుంది.

మీరు దీపం పెట్టుకునేటప్పుడు ఆ అమ్మమ్మని ఒకసారి తలుచుకోండి. పేరు మాత్రం అడక్కండి. ఆ రోజు ఒక్కసారి అన్నాను, మళ్ళీ నోరు రాదు.