సర్కారు మీద వేసిన వకాలత్

లా పూర్తయ్యాక నేను జూనియర్‌గా చేరింది కార్వాన్‌లో ఒక వకీలు గారి దగ్గర. పాలు అమ్ముకునే కుటుంబంలో పుట్టి, చదువుకుని పైకొచ్చిన మనిషి. మాది గుంటూరు వైపు, నాన్న ఉద్యోగం బదిలీ మీద ఇటు వచ్చాం. మొదటిరోజు నా మాట విని సార్ నవ్వారు. "నువ్వు మాట్లాడితే రేడియో పెట్టినట్టున్నది బిడ్డా" అన్నారు.

కొన్నేళ్లకు ఆయన ఎమ్మెల్యే అయ్యారు. పొద్దున వీధి జనం, పదిన్నరకు కోర్టు. రెండూ వదల్లేదు.

రెండువేల సంవత్సరం దాటాక, చాంద్రాయణగుట్ట దగ్గర రోడ్డు వెడల్పు చేస్తూ ఒక ముసలమ్మ బర్రెల కొట్టం కూలుస్తామన్నారు. ఆమె సరాసరి సార్ దగ్గరికే వచ్చింది.

"గోడకు ఎర్ర రంగేసి పోయిన్రు సారూ. బర్రెలను ఏడ కట్టెయ్యాలె?"

"నోటీసు ఇచ్చిన్రా?"

"ఇస్తే తేకపోదునా?"

ప్రభుత్వం సార్ పార్టీదే. ఆమె వెళ్లాక నేను నెమ్మదిగా అన్నాను, "మీ పేరు లేకుండా కేసు నేను వేస్తాను సార్."

"కేసుల బలం లేదా?"

"ఉంది."

"మరి నా పేరెందుకు దాచుడు? ఆమె నన్ను చూసి వచ్చింది."

వకాలత్ కాగితం మీద ముందు ఆయన సంతకం చేసి, కింద నన్ను చేయమన్నారు. వాదించింది నేనే. స్టే వచ్చింది. నోటీసు ఇచ్చి, గడువు ఇచ్చాకే కూల్చారు. ముసలమ్మ బర్రెలతో ఊరవతల జల్‌పల్లి చేరింది.

ఆ వారమే పార్టీ మనిషి ఒకాయన ఆఫీసుకొచ్చాడు. "అన్నా, మన సర్కారు మీద మనమే కేసేస్తే ఎట్ల?"

"రోడ్డు వద్దన్ననా? కాయితం ఇయ్యమన్న. గంతే" అన్నారు సార్.

తరువాతి ఎన్నికల్లో టికెట్ వేరేవాళ్లకు ఇచ్చారు. నాకు ఏడుపొచ్చింది. సార్ భార్య మాత్రం, "ఇగ టైముకు తింటడు" అని అన్నం వడ్డించారు.

కానీ ఎమ్మెల్యే పలుకుబడి కోసం వచ్చిన కక్షిదారులు చాలామంది ఫైళ్లు వెనక్కి తీసుకుపోయారు. కొన్ని నెలలు సార్ కోర్టులో వకీళ్లు కూర్చునే బార్ రూములో పేపరు ముందు పెట్టుకుని, పేజీ తిప్పకుండా కూర్చునేవారు. చిన్న చిన్న కేసులతో మెల్లగా మళ్లీ నిలబడ్డారు. అప్పటికి నేను సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాను.

ఒకరోజు కోర్టు వరండాలో ధైర్యం చేసి అడిగాను, బాధగా ఉందా అని.

"లేదంటే అబద్ధమైతది. ఇంకోసారి గెలిస్తే ఆడపిల్లల బడికి గదులు కట్టిస్తుంటి." నా చేతిలోని ఫైళ్ల వైపు చూశారు. "ఇయ్యాల నీకెన్ని కేసులు?"

"నాలుగు సార్."

"పో మరి. నీ కేసు పిలుస్తరు."